బోసి ఎలుకలోనూ అదే వెలుగు

పోయిన వారం మనం చీకటమ్మను మైక్రోస్కోపు గదిలో, కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటుండగా వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది.

చీకటమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. పట్టపగలు దీపాలన్నీ ఆర్పేసుకుని, మెదడు ముక్కల్ని కటకం కింద పెట్టుకుని కూర్చునే పని ఆమెది కాబట్టి ల్యాబులో వాళ్లు అలా పిలుస్తారు. ఆమె వెతికేది ఒకే ఒక్క వస్తువు కోసం. మెదడు కణాలకు 'ఇక చాలు, నెమ్మదించు' అని చెప్పే రసాయనం ఒకటుంది. ఆ మాట వినిపించుకునే చెవుల్లాంటివి కణాల మీద ఉంటాయి. వాటినే రిసెప్టర్లంటారు. మెదడంతా గాలించి వాటిని పట్టుకుని, పట్టుకున్న చోటల్లా పచ్చగా వెలిగేలా చేసేది యాంటీబాడీ. ల్యాబు పెద్ద మేడమ్ వయసులో ఉన్నప్పుడు ఒక కుందేలుకు ఆ రిసెప్టర్ ముక్కను సూదితో ఎక్కించి, దాని రక్తంలోంచి తీసిన సరుకు అది. అందుకే ల్యాబులో దానికి 'కుందేలు' అన్న పేరే స్థిరపడిపోయింది. 'ఇవాళ కుందేలు వేశావా', 'నీ కుందేలు మరీ పలచబడింది' అని మాట్లాడుకుంటారు. కొత్తగా చేరినవాళ్లు నిజం కుందేలు కోసం బల్లల కింద వంగి చూసిన సందర్భాలూ ఉన్నాయి.

మూర్ఛ వచ్చే మెదడులో ఆ చెవులు తగ్గిపోతాయని లోకానికి చెప్పింది ఆ కుందేలే. దాని మాట మీదే, తగ్గినవాటిని తిరిగి పెంచుతుందనే కొత్త మందును రోడ్డుకు అవతల ఉన్న ఆసుపత్రిలో రోగులకు ఇచ్చి చూడబోతున్నారు. ఆ రోగుల్లో ఒకడు చీకటమ్మ అన్నయ్య. ఆ సంగతి ల్యాబులో ఎవరికీ తెలియదు. కొత్త మందు మొదలుపెట్టే ముందు పాత మాత్రల్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ ఆపేయాలి. అన్నయ్య తగ్గించుకుంటూ వస్తున్నాడు. చేరమని చెప్పింది చీకటమ్మే.

ఇంతలో, ఆ రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువే లేకుండా పుట్టించిన ఎలుకలు ల్యాబుకు వచ్చాయి. వాటిని బోసి ఎలుకలంటారు. వాటి మెదడులో కుందేలు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, కాబట్టి కటకం కింద చీకటిగా కనపడాలి. లాంఛనం కోసం ఒకసారి చూసి పెడదామనుకుంది చీకటమ్మ. చూస్తే, బోసి ఎలుక మెదడు మామూలు ఎలుక మెదడులాగే పచ్చగా వెలిగిపోతోంది.

చిన్నప్పటి నుంచి ఆమె మొక్కిన మొక్కు ఒక్కటే, తన చేతిలో తప్పు జరగకూడదని. పరీక్షల్లో అదే, ఇంటర్వ్యూల్లో అదే. ఇప్పుడు జీవితంలో మొదటిసారి, తప్పు తన చేతిలోనే జరిగి ఉండాలని కోరుకుంటోంది. గాజు పలకలు తారుమారయ్యాయేమో. చుక్కలు ఒకదానిలోవి ఇంకోదాంట్లో పడ్డాయేమో.

అందుకే మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేసింది. ఈసారి ఏ పలక ఏ ఎలుకదో తనకే తెలియకుండా, వాటి మీది రాతలకు టేపు అతికించి కలిపేయమని టోపీకి ఇచ్చింది. టోపీ అంటే ఏసీ చలికి ఏడాది పొడుగునా ఉన్నిటోపీ తీయని ఆమె సహోద్యోగి.

"ఏది మామూలుదో, ఏది బోసిదో చెప్పు చీకటమ్మా. సరిగ్గా చెబితే ఈ టోపీ తీసి నీ కాళ్ల దగ్గర పెడతా."

"నోరు మూసుకుని ఇవ్వు."

ఆమె చూసింది. పచ్చటి చుక్కలు, ఆకాశంలో చల్లినట్టు. రెండోది చూసింది. మళ్లీ అదే ఆకాశం. కళ్లు తుడుచుకుని చూసింది. చెప్పింది. టోపీ టేపు తీసి చూశాడు. ఇంకోటి ఇచ్చాడు. అలా పెట్టెలోవన్నీ అయిపోయేసరికి అతనిలో వేళాకోళం అంతా ఎక్కడికో పోయింది.

"బొమ్మా బొరుసా వేసుకున్నా ఇంతకంటే మెరుగ్గా చెప్పేదానివి," అన్నాడు మెల్లగా.

"ఎలుకలే తప్పేమో. నిజంగా బోసివేనా?"

"తోక కొసలు కోసి జన్యువు పరీక్ష నేనే చేశాను. మచ్చుకైనా లేదు."

 టోపీ కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడమ్‌కు చెబుతావా?"

"చెప్పక?"

"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అని ఊరికే అంటారు. ఆవిడ నిజంగానే పట్టింది. నువ్వెళ్లి నాలుగో కాలు చూపిస్తావు." అతను టోపీని చెవుల మీదకు లాక్కున్నాడు. "ముందు ఏమన్నా తిని వెళ్లు. తర్వాత గొంతు దిగదు."

ఆమె తినలేదు.

వరండాలో మేడమ్ గది వైపు నడిచింది. ఫ్రీజర్లు వరసగా గోడకు ఆనుకుని రొద చేస్తున్నాయి. వాటిలో ఒకదాంట్లో, అన్నిటికంటే కింది అరలో, కుందేలు ఉంది. ఆమె మనసంతా అన్నయ్య మీదే ఉంది. అన్నయ్య లారీ డ్రైవరు. మొదటిసారి మూర్ఛ వచ్చిన రోజున బండి రోడ్డు దిగి ఎవరిదో పొలంలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ లైసెన్సు పోయింది. అప్పటి నుంచి గోడౌనులో, ఇంకెవరో తోలబోయే లారీల మీద టార్పాలిన్లు కప్పి తాళ్లు బిగించే పని. పాత మాత్రలు మూర్ఛను తగ్గించాయి కానీ మనిషిని మొద్దులా చేశాయి. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి కూర్చునేవాడు.

కొత్త మందు గురించి అతనికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది ఆమే. 'మెదడుకు బ్రేకులు ఉంటాయన్నయ్యా. నీకు అవి తగ్గాయి. ఈ మందు వాటిని మళ్లీ వేస్తుంది.' ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, గోడౌనులో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. 'నాకు పిచ్చీ కాదు, దయ్యమూ కాదురా. బ్రేకులు తగ్గాయి, అంతే. మా చెల్లెలు కళ్లారా చూసింది.'

కళ్లారా చూసింది. అదే కదా ఇప్పుడు ప్రాణం తీస్తున్న మాట.

పెద్ద మేడమ్ గదిలో ఎండ ఏటవాలుగా పడుతోంది. గోడ మీద పట్టాలూ బహుమతులూ ఉండాల్సిన చోట ఒక తెల్ల కుందేలు ఫోటో ఉంది, చట్రం కట్టించి. దానికి రోజూ తన చేత్తోనే మేత పెట్టేదాన్నని మేడమ్ విద్యార్థులందరికీ చెబుతుంది. ఆవిడ అప్పుడే టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి చేతులు తుడుచుకుంటోంది.

"రా అమ్మాయ్. ఏమిటి ముఖం అలా ఉంది? నిద్రలేదా?"

చీకటమ్మ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. మొదటి నుంచి, ఏ మెట్టూ వదలకుండా, నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు. ఆ గదిలోనే ఆ పద్ధతిలో చెప్పడం నేర్చుకుంది ఆమె.

మేడమ్ కోప్పడలేదు. మంచి డాక్టరు రోగిని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగింది.

"కుందేలు వేయకుండా, రంగు ఒక్కటే వేసి చూశావా?"

"చూశాను మేడమ్. చీకటే."

"అంటే రంగు తప్పు కాదు. కుందేలే పట్టుకుంటోంది."

"అవును మేడమ్."

"ఎలుకలు?"

"టోపీ పరీక్ష చేశాడు. బోసివే."

"ఇప్పుడు వాడే సీసాలోది పాడైపోయిందేమో."

"మీరు దాచిన మొదటి సీసాలోది వేసినా అదే వెలుగు మేడమ్. మిమ్మల్ని అడక్కుండా తీశాను. క్షమించాలి."

మేడమ్ చేతిగుడ్డను మడత పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడత పెట్టింది. తర్వాత ఆవిడ ముఖంలోకి కాస్త ధైర్యం వచ్చింది. చీకటమ్మకు ఆ ధైర్యాన్ని చూస్తే భయం వేసింది. ఏ మాట రాబోతోందో ఆమెకు తెలుసు.

"మరి ముక్క పరీక్ష సంగతేమిటి? కుందేలుకు ఎక్కించిన రిసెప్టర్ ముక్కను ముందుగా యాంటీబాడీలో కలిపి, ఆ తర్వాత మెదడు మీద వేస్తే వెలుగు పూర్తిగా పోయింది. నేను చేశాను. నా తర్వాత వచ్చినవాళ్లంతా చేశారు. నువ్వూ చేశావు. అది రిసెప్టర్‌నే పట్టుకుంటుందనడానికి అంతకంటే రుజువేం కావాలి?"

"అది రుజువు కాదు మేడమ్."

"ఏమన్నావు?"

 చీకటమ్మ ఆగలేదు. "కుక్కకు కడుపు నిండా బిస్కెట్లు పెట్టామనుకోండి. ఆ పూట అది ఎవర్నీ కరవదు. దొంగనూ కరవదు, పాలవాణ్నీ కరవదు. అది కరవలేదు కాబట్టి, మామూలప్పుడు దొంగల్నే కరుస్తుందని మనం రాసుకున్నాం. ముక్క కలిపితే కుందేలు నోరు మూతబడింది, అంతవరకే నిజం. ఆ నోటితో అది ఇన్నాళ్లూ ఎవర్ని పట్టుకుందో మనం అడగలేదు."

 కిటికీ అవతల ఎవరో స్కూటరు స్టార్ట్ చేయలేక తంటాలు పడుతున్నారు.

"మా రోజుల్లో బోసి ఎలుకలు ఎక్కడివి?" అంది చివరికి. "ఉన్నంతలో అదే గొప్ప పరీక్ష. అందరూ అదే చేసేవాళ్లు."

"తెలుసు మేడమ్. మీ తప్పని నేను అనడం లేదు."

"మూర్ఛ మెదడులో వెలుగు తగ్గింది. అది నువ్వే చూశావు. అది అబద్ధమా?"

"తగ్గింది నిజమే. ఏది తగ్గిందో మనకు తెలియదు."

ఆ మాటతో మేడమ్ కుర్చీలో కూలబడింది. కూర్చుంది అనడానికి లేదు. ఆవిడ ఒక్కసారిగా ముసలిదైపోయింది. చీకటమ్మకు వెళ్లి చేయి పట్టుకోవాలనిపించింది. ఆ చేయే తన చేయి పట్టుకుని బ్రష్షుతో మెదడు ముక్కను చిరగకుండా నీళ్లలోంచి ఎత్తడం నేర్పింది. కాలేజీ గడప తొక్కిన మనిషి ఇంట్లో ఇంకెవరూ లేని పిల్లను, నీకేం తక్కువ అని కూర్చోబెట్టుకుంది ఈవిడే.

"నీకు తెలుస్తోందా అమ్మాయ్, నువ్వేం తెచ్చి నా బల్ల మీద పెట్టావో? ఇక్కడ పట్టాలు తీసుకున్నవాళ్లందరి చదువూ ఆ కుందేలు వీపు మీదే ఉంది. నీ చదువు కూడా. ఈ ఏడాది నువ్వు సమర్పించాల్సిన సిద్ధాంత గ్రంథం చెత్తబుట్టలోకి పోతుంది."

"పోతుంది మేడమ్."

"అంత తేలిగ్గా అంటావేం?"

"తేలిగ్గా లేదు."

"అయితే కొంచెం ఆగు. కొత్త యాంటీబాడీ తెప్పిద్దాం. ఇంకో పద్ధతిలో చూద్దాం. అన్నీ తేల్చుకుని, ఈ సెలవుల తర్వాత అందరికీ మనమే చెబుదాం. పరువుగా చెబుదాం. ఇంతకాలం ఆగింది, ఇంకొంచెం ఆగితే కొంపేం మునగదు."

చీకటమ్మ కక్కలేక మింగలేక నిలబడింది. అన్నయ్య సంగతి ఎన్నో నెలలుగా ఆమె గొంతులోనే ఉంది. చెబితే అన్నయ్యను పరీక్షలోంచి తీసేస్తారని దాచింది. ల్యాబులో పనిచేసేవాళ్ల బంధువులు అందులో చేరకూడదు. తెలిసే దాచింది.

"మునుగుతుంది మేడమ్. ఆసుపత్రిలో ఆ మందు కోసం చేరినవాళ్లలో మా అన్నయ్య ఉన్నాడు. పాత మాత్రలు ఆపేస్తున్నాడు. మనం చూసిందాన్ని నమ్మి ఆపేస్తున్నాడు."

మేడమ్ తల ఎత్తింది.

"మీ అన్నయ్యా? సొంత అన్నయ్యా?"

"అవును."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దనేవారు."

"వద్దనేదాన్నే," అంది మేడమ్. ఆవిడ కళ్లలో కోపం కోసం వెతికింది చీకటమ్మ. కోపం ఉంటే బాగుండేది. అక్కడ ఉన్నది జాలి. "వద్దనడానికే కదమ్మా ఆ నియమం. కళ్లు ఉన్నవాళ్లకు కూడా సొంతవాళ్ల విషయంలో చూపు ఆనదు."

ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ వాదించలేదు. బల్ల మీది ఫోను దగ్గరకు లాక్కుంది. నంబరు నొక్కుతుంటే వేలు ఒకసారి తప్పింది. మళ్లీ నొక్కింది. ఆసుపత్రిలో మందు పరీక్ష చూసే డాక్టరు గొంతు స్పీకరులో గదంతా వినపడింది.

"చెప్పండి మేడమ్. మీ కుందేలు ఎలా ఉంది?"

ఆయన రోజూ వేసే హాస్యమే అది. మేడమ్ కళ్లు మూసుకుంది.

"కుందేలు మనల్ని మోసం చేసిందండీ. కాదు, మనమే దాన్ని సరిగ్గా అడగలేదు. అది పట్టుకునేది ఆ రిసెప్టర్‌ని కాదు. మీ మందు కింద నేను వేసిన పునాది లేదు. రాసి పంపిస్తాను. ముందు నోటితో చెప్పాలని ఫోను చేశాను."

 చీకటమ్మ గోడకు ఆనుకుంది. అంత పెద్ద మనిషి అంత చిన్న వాక్యాలతో తన జీవితాన్నంతా చేత్తో తీసి పక్కన పెట్టడం చూస్తుంటే, తాను గెలిచినట్టు అనిపించలేదు. ఆ గదిలో గెలిచినవాళ్లు ఎవరూ లేరు.

"పరీక్ష ఆపడం నా ఒక్కడి చేతుల్లో లేదు మేడమ్," అన్నాడు డాక్టరు. "కమిటీ కూర్చోవాలి. ఈలోగా కొత్తవాళ్లను తీసుకోను. చేరినవాళ్లను పాత మాత్రలకు మార్చడం మాత్రం నా చేతిలో ఉంది. అది ఇవాళే మొదలుపెడతాను."

"వాళ్లలో లారీ డ్రైవరుగా చేసినాయన ఒకాయన ఉన్నారు. ముందు ఆయనకు."

"ఆ టార్పాలిన్ల ఆయనా? భలే మనిషండీ. కానీ ఆయనతో ఒక చిక్కు వచ్చింది. మేము చెప్పిన లెక్క ప్రకారం తగ్గించకుండా, మొత్తం ఒక్కసారే ఆపేశాడు. నిన్న ఫోనులో చెప్పాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. తల తేలిగ్గా ఉందట, లోకం కొత్తగా కనపడుతోందట. రక్తపరీక్షకు గుచ్చిన సూదే కొత్త మందనుకుని, అది పనిచేస్తోందని సంబరపడుతున్నాడు. మందు ఇంకా మొదలే పెట్టలేదయ్యా, అది పాత మాత్రల మత్తు దిగడం అంతే అని చెబితే వినడు. మాత్రలు మళ్లీ వేసుకుని ఇవాళ పొద్దున్న రమ్మన్నాను. రాలేదు."

"ప్రమాదమా?" అంది మేడమ్.

"ఒక్కసారిగా ఆపితే అంతకు ముందెన్నడూ రానంత గట్టిగా రావచ్చు. ఎప్పుడైనా రావచ్చు. ఒంటరిగా ఉంచొద్దు. మెట్లు ఎక్కనివ్వొద్దు, పొయ్యి దగ్గరకు పోనివ్వొద్దు. వెంటనే తీసుకురమ్మనండి."

చీకటమ్మ అప్పటికే గది బయట ఉంది. ముందు అన్నయ్యకు ఫోను చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఇంటికి చేసింది. వదిన వెంటనే ఎత్తింది. వెనక నీళ్ల చప్పుడు, గిన్నెల చప్పుడు. వదిన గొంతులో నవ్వు ఉంది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినపడి చాలా కాలమైంది.

"నూరేళ్లు నీకు. ఇప్పుడే నీ గురించే అనుకుంటున్నా."

"అన్నయ్య ఏడీ వదినా?"

"మీ అన్నయ్యను పట్టుకోవడం ఇక నీ వల్లా నా వల్లా కాదమ్మా. పొద్దున్నే గడ్డం గీసుకుని, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి వేసుకున్నారు. ఏమిటీ అవతారం అంటే, ఒళ్లు బాగుంది కదే, ఊరికే కూర్చోనా అన్నారు. కొత్త పెళ్లికొడుకు వేషాలు."

"ఎక్కడికెళ్లాడు?"

"గోడౌనులో ఎవరో డ్రైవరు రాలేదట. కొండ అవతలికి సరుకు దించి రావాలట. యజమాని ఇంకెవరినో చూద్దామంటే, ఈయనే తాళాలు లాక్కున్నారట. నేను ఫోనులో మొత్తుకున్నాను, వద్దండీ, డాక్టరుగారిని అడగండి అని. డాక్టరెందుకు, మా చెల్లెలు కళ్లారా చూసింది, నా బ్రేకులు నాకు వచ్చేశాయి అన్నారు. నువ్వే చెప్పావన్నాక ఇక నేనేం మాట్లాడను?"

చీకటమ్మ ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. ఫ్రీజర్ల రొద చెవుల్లో హోరెత్తుతోంది.

"ఒక్కడే వెళ్లాడా?"

"ఒక్కరే ఎందుకు వెళ్తారు? లారీని ఇంటి ముందాపి కూతుర్ని ఎక్కించుకుపోయారు. దానికి బడి లేదుగా ఇవాళ. మా నాన్న లారీ తోలతాడంటే బడిలో ఎవరూ నమ్మడం లేదని ఎన్నాళ్ల నుంచో ఏడుస్తోంది. ముందు సీటులో కూర్చుని చెయ్యి ఊపుకుంటూ పోయింది, రాణీగారిలాగా."

"ఎంతసేపైంది? వదినా, విను. అన్నయ్య ఫోను ఎత్తడం లేదు."

"ఎందుకెత్తుతారు?" అంది వదిన, తెలిసిన సంగతి అడిగినందుకు ఆశ్చర్యపోతూ. "స్టీరింగు చేతిలో ఉంటే ఆయన ఫోను ముట్టుకోరని నీకు తెలియదా? ఎన్నేళ్లు బండి తోలినా ఆ ఒక్క నియమం తప్పలేదు. ఈపాటికి కొండ దారి ఎక్కేసి ఉంటారు."

  గది గుమ్మంలో పెద్ద మేడమ్ నిలబడి చీకటమ్మ ముఖాన్నే చూస్తోంది.

అవతల నీళ్లు కట్టేసిన చప్పుడైంది. వదిన చేతులు తుడుచుకుని, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది. గొంతు తగ్గించి, ఆశగా అడిగింది.

"ఇంతకీ పని మధ్యలో ఎందుకు చేశావమ్మా? ఇంకేమైనా మంచి కబురా?"